కారు నడపడం రాని రవాణా మంత్రి

కిందటేడు మాఘమాసంలో కోనసీమలో ఒక పెళ్లికి వెళ్లి, రాత్రి భోజనాలయ్యాక కారులో రాజమండ్రికి తిరిగి వస్తున్నాం. నడుపుతున్నది మా ఆడపడుచు కొడుకు. వాడి పక్కన మా వారు. వెనక సీట్లో నేనూ, మా అత్తగారూ, మా ఇద్దరి మధ్యా పెళ్లివారిచ్చిన కాజాల పెట్టే.

కారెక్కిన కాసేపటికే నాకు వాసన తగిలింది. మొదట తాంబూలం వాసనేమో అనుకున్నాను. కాదు. విడిదింటి డాబా మీద కుర్రకారంతా చేరి కూల్‌డ్రింకులు తాగుతున్నారని ఎవరో అంటే, వెర్రిదాన్ని, నేనూ నమ్మాను. ఇప్పుడు చూస్తే ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరిచెట్లు, మధ్యలో మా కారు ఎటు పోవాలో ఇంకా తేల్చుకోనట్టు పోతోంది.

"ఒరే నాయనా, కాస్త మెల్లిగా పోనియ్యరా" అన్నాను.

వాడు అద్దంలోంచి నావైపు చూసి నవ్వి, "అత్తయ్యా! నీకు స్కూటరు నడపడం కూడా రాదు గదా. ఆ సంగతి నాకొదిలెయ్యి" అన్నాడు.

మా వారు నవ్వారు. మా అత్తగారూ నవ్వారు. చివరికి నేనూ నవ్వాను. మరేం చెయ్యను? నిజమే కదా, నాకు నడపడం రాదు. రానిదాన్ని ఏం మాట్లాడతానని నోరు మూసుకుని, కాజాల పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా మనసులో ఆంజనేయ దండకం చదువుకుంటూ కూర్చున్నాను. స్వామి దయవల్ల క్షేమంగానే చేరాం. కానీ వాడన్న మాట మాత్రం ముల్లులా లోపల ఉండిపోయింది. నడపడం రానివాళ్లు నోరెత్తకూడదా? మరి కాలవలో పడితే నడపడం వచ్చినవాడొక్కడే మునుగుతాడా?

సరిగ్గా ఇదే మాట సుమారు అరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో ఏకంగా ఒక మంత్రిగారి మొహం మీదే అన్నారనీ, ఆవిడ నాలాగా నవ్వేసి ఊరుకోలేదనీ తరవాత చదివి తెలుసుకున్నాను. ఆవిడ సంగతి మీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టేటట్టు లేదు.

ఆవిడ పేరు బార్బరా కాసిల్. 1910లో డెర్బీషైర్‌లోని చెస్టర్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టారు. నాన్నగారు పన్నుల శాఖలో ఉద్యోగి. ఆవిడ ఆక్స్‌ఫర్డులో చదువుకున్నారు. 1937లో, ఇరవై ఏడో ఏటికే లండనులోని సెయింట్ పాంక్రస్ పురపాలక సంఘానికి సభ్యురాలిగా ఎన్నికయ్యారు. ఆ రోజుల్లో అదే సంఘంలో మన వి.కె. కృష్ణ మీనన్ గారు కూడా సభ్యులు. యుద్ధకాలంలో పత్రికల్లో పనిచేస్తూ, 1944లో టెడ్ కాసిల్ అనే పత్రికా రచయితను పెళ్లి చేసుకున్నారు.

ఆవిడ పార్లమెంటుకి వెళ్లిన తీరు వింటే మనకి ముచ్చటేస్తుంది. 1945 ఎన్నికలప్పుడు బ్లాక్‌బర్న్ అనే బట్టల మిల్లుల ఊళ్లో లేబర్ పార్టీ అభ్యర్థిని ఎంచడానికి పేర్ల జాబితా తయారైంది. అందులో ఒక్క ఆడపేరూ లేదు. సభలకి టీలు కాచి, ఇంటింటికీ తిరిగి, పార్టీ చాకిరీ అంతా చేసే ఆడవాళ్లకి ఒళ్లు మండింది. ఒక్క స్త్రీ పేరైనా చేర్చకపోతే మేం పార్టీ పని మానేస్తాం అన్నారు. అప్పుడు బార్బరాగారి పేరు చేర్చారు. చేర్చిన పేరే నెగ్గింది. ఆ ఊరి తరఫున ఆవిడ 34 ఏళ్లు, అంటే 1979 దాకా, సభలో కూర్చున్నారు.

మంత్రి కాకముందు ఆవిడ పట్టించుకున్న పనుల్లో ఒకటి చెబుతాను. మగవాళ్లు వింటే నవ్వుతారు, మీరు నవ్వరు. ఇంగ్లండులో ఆడవాళ్ల పబ్లిక్ మరుగుదొడ్ల గుమ్మాల్లో డబ్బు వేస్తే తిరిగే ఇనప గేట్లుండేవి. చంకలో పిల్లా, చేతిలో సంచీ ఉన్న తల్లి అందులోంచి ఎలా దూరుతుంది? నెలలు నిండిన మనిషి మాటేమిటి? ఆ గేట్లు తీసెయ్యాలని పట్టుబట్టి పోరాడినవాళ్లలో బార్బరాగారు ముందున్నారు. 1963లో వాటిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆ గేట్లు చేసినవాడు ఎంత తెలివైన ఇంజనీరైనా కావచ్చు. కానీ అందులో ఇరుక్కున్న మనిషికి తెలిసిన సంగతి అతనికి తెలియలేదు. ఆవిడ పద్ధతంతా ఇదే. ఏ వస్తువునైనా, ఏ ఏర్పాటునైనా, దాన్ని వాడుకునేవాళ్ల వైపునుంచి చూడటం.

1965 డిసెంబరులో ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆవిడకి రవాణా శాఖ ఇచ్చారు. ఆ శాఖకి స్త్రీ మంత్రి కావడం అదే మొదలు. చిక్కేమిటంటే ఆవిడకి కారు నడపడం రాదు, లైసెన్సు లేదు. పత్రికలవాళ్లకి ఇంతకన్నా పండగేముంటుంది! వంట రానివాడు వంటలవాళ్లకి మేస్త్రీ అయితే ఎలా ఉంటుందో అలా చెప్పుకున్నారు.

ఆ రోజుల్లో అక్కడి రోడ్లు ఎలా ఉండేవంటే, 1966 ఒక్క సంవత్సరంలో బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో 7,985 మంది చనిపోయారు. రోజుకి దాదాపు 22 మంది. యుద్ధకాలం వదిలేస్తే ఆ దేశంలో ఏ ఏడూ అంతమంది పోలేదు. అయినా ఎవరూ పెద్దగా ఉలిక్కిపడలేదు. కార్లు పెరిగాయి, ప్రమాదాలు పెరిగాయి, అంతే కదా అనుకున్నారు. మనం అనుకోవడం లేదూ, టైమొచ్చింది పోయాడు అని!

తాగి నడిపేవాళ్ల సంగతి మరీ విడ్డూరం. తాగి నడపడం నేరమని చట్టం ఎప్పటినుంచో ఉంది. కానీ తాగాడని తేల్చేదెలా? పోలీసుస్టేషనుకి తీసుకెళ్లి సుద్దగీత మీద నడవమనేవారు. నోరు తిరగని మాటలు పలకమనేవారు. డాక్టరుగారు చూసి తూలాడనో, తూలలేదనో చెప్పేవారు. రోజూ తాగి ఆరితేరినవాడు గీతమీద తాడుమీద గారడీవాడిలా నడిచేసి ఇంటికి పోయేవాడు. పైగా తాగినవాడెవడైనా తాగానని ఒప్పుకుంటాడా? మనకి తెలియని సంగతా! "నేను బాగానే ఉన్నాను" అనేదే వాళ్ల మొదటి మాట.

బార్బరాగారు తెచ్చిన చట్టం ఈ గొడవంతా పక్కన పెట్టేసింది. నువ్వు తూలావా లేదా, బాగా నడపగలవా లేదా అన్న వాదన అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములకి మించి మద్యం ఉంటే నేరం. అంతే. 80 మిల్లీగ్రాములంటే ఎంతనుకున్నారు? మనం పప్పులో వేసే చిటికెడు ఉప్పు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

పరీక్ష కూడా చిన్నదే. ఒక సన్నటి గాజుగొట్టం, అందులో పసుపు రంగు పలుకులు, గొట్టం చివర ఒక ప్లాస్టిక్ సంచీ. రోడ్డు పక్కన ఆపి, సంచీ నిండేదాకా ఊదమంటారు. ఊపిరిలో మద్యం ఉంటే పలుకులు ఆకుపచ్చగా మారతాయి. ఆ పచ్చదనం గొట్టం మీది గీత దాటితే స్టేషనుకి పదమంటారు. అక్కడ మళ్లీ ఊదించి, తరవాత రక్తమో మూత్రమో తీసి పరీక్ష చేస్తారు. గొట్టానికి మొహమాటం లేదు. వాడు లార్డుగారి అబ్బాయా, లారీ డ్రైవరా అని చూడదు.

దీనిమీద లేచిన గోల అంతా ఇంతా కాదు. సాయంత్రం పబ్బుకి వెళ్లి నాలుగు గ్లాసులు పుచ్చుకుని కారులో ఇంటికి రావడం అక్కడ పెద్దమనుషుల అలవాటు. పబ్బులవాళ్లు మా వ్యాపారం మునిగిందన్నారు. కార్ల సంఘాలవాళ్లు మా స్వేచ్ఛ పోయిందన్నారు. మొదట తయారైన బిల్లులో, అనుమానం ఉన్నా లేకపోయినా ఏ కారునైనా ఆపి పరీక్ష చెయ్యవచ్చని ఉండేది. 1966 మార్చిలో ఎన్నికలు రావడంతో ఆ బిల్లు ఆగిపోయింది. మళ్లీ తెచ్చినప్పుడు ఆ ఒక్క సంగతీ వదులుకోవలసి వచ్చింది. తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటేనో, ట్రాఫిక్ నేరమో ప్రమాదమో జరిగితేనో ఆపవచ్చు అని దిద్దారు. పదహారణాలూ రానప్పుడు పన్నెండణాలు పుచ్చుకుని పని మొదలుపెట్టడం మనకి మాత్రం తెలియదూ!

అప్పుడే బి.బి.సి. రేడియోలో ఒక విలేఖరి ఆవిణ్ణి అడిగాడు. ఇదొక పనికిమాలిన ఆలోచన అని, మీరు కేవలం ఆడవారు, కారు కూడా నడపరు, మీకేం తెలుసు అని! చదవగానే నాకు మా ఆడపడుచు కొడుకు గుర్తొచ్చాడు. వీడికీ వాడికీ ఎన్ని వేల మైళ్ల దూరం, ఎన్నేళ్ల తేడా! మాట మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకటే.

ఆవిడకి ఇంటికీ ఆఫీసుకీ తిట్లతో ఉత్తరాలొచ్చాయి. చంపుతామని కూడా రాశారు. ప్రాణాలు దక్కేటట్టయితే మంచిపేరు పోయినా నాకు ఫరవాలేదు అన్నది ఆవిడ ధోరణి. వెనక్కి తగ్గలేదు. 1967 అక్టోబరు 9వ తేదీన చట్టం అమల్లోకి వచ్చింది.

ఏం జరిగిందో చూడండి. మొదటి పన్నెండు నెలల్లో రోడ్డు మీద చనిపోయినవాళ్లు అంతకుముందు ఏడాదికన్నా 1,152 మంది తగ్గారు. దెబ్బలు తగిలినవాళ్లు వేల సంఖ్యలో తగ్గారు. రోడ్లు అవే, కార్లు అవే, మనుషులూ వాళ్లే.

ఈ 1,152 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పోయినవాళ్లయితే పేరుంటుంది, ఫొటో ఉంటుంది, ఇంట్లో ఏడ్చేవాళ్లుంటారు. బతికిపోయిన ఈ 1,152 మంది ఎవరు? ఎవరికీ తెలియదు. వాళ్లకే తెలియదు! ఆ రాత్రి గ్లాసు పక్కకి పెట్టినవాడికి, ఆ మలుపులో తన కారు కింద పడబోయిన పిల్లవాడెవరో ఎలా తెలుస్తుంది? ఆ పిల్లవాడు స్కూలుకి వెళ్లాడు, పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు. తనకి ఒక గండం తప్పిందని వాడికీ తెలియదు, వాళ్లమ్మకీ తెలియదు. అందుకే తిట్లు రాసినవాళ్లున్నారు గాని, మీ దయవల్ల ఫలానా రాత్రి మా అబ్బాయి చావలేదండీ అని రాయగలిగే తల్లి లేదు. క్షేమం కోసం పనిచేసేవాళ్ల గతి ఇంతే కాబోలు. వేళకి పాలు పొంగకుండా దింపిన ఇల్లాలిని ఎవరైనా మెచ్చుకోగా విన్నారా? పొంగిన రోజునే కదా అందరూ వంటింట్లోకి తొంగి చూసేది!

ఆవిడ చేసింది ఇదొక్కటే కాదు. అంతకుముందు ఇంగ్లండు మోటారు రహదారుల మీద వేగానికి హద్దంటూ లేదు. ఆవిడ వచ్చే సమయానికి గంటకి 70 మైళ్ల హద్దు తాత్కాలికంగా పెట్టి ఉంది. 1967లో ఆవిడ దాన్ని శాశ్వతం చేశారు. కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ముందు సీట్లలో బెల్టులు అమర్చి తీరాలని నిబంధన తెచ్చారు. బెల్టు ఉండటం వేరు, పెట్టుకోవడం వేరు అనుకోండి. ముందు సీట్లవాళ్లు పెట్టుకోకపోతే నేరమని అక్కడ చట్టం అమలైంది 1983 జనవరి 31న. వెనక సీట్లో పెద్దవాళ్ల వంతు 1991లో గాని రాలేదు. కానీ కారులో బెల్టే లేకపోతే ఏం పెట్టుకుంటారు? ముందు మేకు కొడితే కదా తరవాత చొక్కా తగిలించేది.

కారు లేనివాళ్లని కూడా ఆవిడ మరిచిపోలేదు. అప్పట్లో నష్టం వచ్చే రైలు మార్గాలని వరసగా మూసేస్తున్నారు. కార్న్‌వాల్‌లో లూ అనే సముద్రతీరపు ఊరికి వెళ్లే చిన్న రైలుదారి ఉంది. దాన్నీ మూసెయ్యడానికి ముహూర్తం పెట్టారు. ఇంకా రెండు వారాలుందనగా, 1966లో, ఆవిడ వీల్లేదన్నారు. అక్కడి రోడ్లు ఇరుకు, కొండదారులు. రైలు తీసేసి ఆ జనాన్నంతా బస్సుల్లో ఎక్కిస్తే మిగిలేది డబ్బు కాదు, అవస్థ. ఆ రైలు ఇప్పటికీ నడుస్తోంది. లాభం రాకపోయినా జనానికి కావలసిన రైళ్లకీ బస్సులకీ ప్రభుత్వం డబ్బివ్వాలన్న పద్ధతి ఆవిడ తయారుచేసిన 1968 రవాణా చట్టంలో మొదటిసారి వచ్చింది. మాంచెస్టరు, లివర్‌పూల్ లాంటి పెద్ద పట్నాల చుట్టుపక్కల బస్సులనూ రైళ్లనూ ఒకే సంస్థ చూసుకునే ఏర్పాటు కూడా ఆ చట్టంతోనే వచ్చింది. లారీ డ్రైవరు రోజుకి 11 గంటలు బండి నడపవచ్చని ఉన్నదాన్ని 10కి తగ్గించారు. నిద్రమత్తు కూడా ఒక మత్తే కదా!

అలాగని ఆవిణ్ణి దేవతని చేసి పీటమీద కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. లూ రైలుని బతికించిన చేత్తోనే ఆవిడ ఇంకా రెండువేల మైళ్ల పైచిలుకు రైలుమార్గాల మూసివేతకి సంతకాలు పెట్టారు. మూతలు ఆపుతామని ఎన్నికల్లో చెప్పిన పార్టీ కదా అని జనం ఇప్పటికీ దెప్పుతారు. లారీలలో ఎన్ని గంటలు నడిపారో రాసుకునే యంత్రం పెట్టిద్దామనుకుంటే, అది మా పక్కన కూర్చున్న గూఢచారి అని డ్రైవర్ల సంఘాలు ఎదురు తిరిగాయి. అది చాలా ఏళ్లపాటు అమలు కానేలేదు. ఊదుడు పరీక్ష భయం కూడా కొన్నేళ్లకి పల్చబడింది. పట్టుబడేవాళ్లు తక్కువేనని జనం కనిపెట్టేశారు. 1970ల మొదట్లో చావులు మళ్లీ పెరిగాయి. చట్టం ఒక్కరోజులో వస్తుంది, అలవాటు మారడానికి ఒక తరం పడుతుంది.

కానీ మారింది. 1979లో బ్రిటన్‌లో తాగి నడపడం వల్ల పోయినవాళ్లు సుమారు 1,640 మంది అని లెక్క. ఇటీవలి సంవత్సరాల్లో అది 300 చుట్టుపక్కల ఉంటోంది. రోడ్డు చావులన్నీ కలిపినా 2023లో 1,624. ఆవిడ కాలంనాటికన్నా బండ్లు ఎంతగా పెరిగాయో తలుచుకుంటే ఈ అంకె విలువ తెలుస్తుంది. ఇవాళ అక్కడ తాగి కారెక్కేవాణ్ణి పక్కవాళ్లే ఆపుతారు. ఒకప్పుడు మగతనంగా చెలామణీ అయినది ఇప్పుడు సిగ్గుపడే సంగతయింది.

1968 ఏప్రిల్లో ఆవిణ్ణి కార్మిక వ్యవహారాల శాఖకి మార్చారు. కార్లు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఆ వేసవిలోనే డాగెన్‌హామ్‌లోని ఫోర్డు కర్మాగారంలో కార్ల సీట్లకి తొడుగులు కుట్టే ఆడవాళ్లు, మాది నైపుణ్యం లేని పనంటారా అని సమ్మె చేశారు. మంత్రిగారు వాళ్లని పిలిచి, టీ ఇచ్చి, కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ కదలికే 1970లో సమాన వేతన చట్టానికి దారితీసింది. తరవాత మరో శాఖలో ఉండగా, పిల్లల పోషణకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు తండ్రి జీతంలో కలవకుండా నేరుగా తల్లి చేతికి అందేటట్టు 1975లో చట్టం చేయించారు. 2002లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన సంగతికి వస్తే, మన చట్టం ఇంగ్లండు చట్టం కన్నా గట్టిది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. వెనక సీట్లోవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని మన నిబంధనల్లోనూ ఉంది. ఉండి ఏం లాభం? 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. రోజుకి 460 మందికి పైగా. ఇందులో స్టీరింగు పట్టుకున్నవాళ్లెందరో, వెనక కూర్చుని దండకం చదువుకున్నవాళ్లెందరో, అసలు ఆ బండితో సంబంధమే లేకుండా రోడ్డు పక్కన నడిచిపోతున్నవాళ్లెందరో!

ఇంక నా కథ ముగిస్తాను. మొన్న కాకినాడలో మా బంధువులొకాయన రిటైరయ్యారని హోటల్లో విందు చేశారు. రాత్రి పదిన్నరకి మా ఆడపడుచు కొడుకు తాళం చెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. ఈసారి తాంబూలమా అన్న అనుమానం నాకు రాలేదు.

"తాళం ఇటియ్యరా" అన్నాను.

"నువ్వు నడుపుతావా ఏమిటత్తయ్యా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నాకు నడపడం రాదు నాయనా. కూర్చోవడం వచ్చు. ముప్ఫై ఏళ్లబట్టీ కూర్చుంటున్నాను. ఎవరు నడిపితే కూర్చోవాలో, ఎవరు నడిపితే కూర్చోకూడదో ఆమాత్రం తెలుసు. నువ్వు నడిపితే నేనెక్కను" అన్నాను. గొంతు వణికింది, దాచుకోవడం ఎందుకు.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అత్తగారు నెమ్మదిగా నా పక్కకి వచ్చి నిలబడి, "నేనూ కోడలితోనే వస్తానురా" అన్నారు. ఆవిడ జన్మలో సైకిలు కూడా తొక్కి ఎరగరు. మా వారికి రాత్రిళ్లు కళ్లు ఆనవు గనక హోటలువాళ్లనడిగి ఒక డ్రైవర్ని కుదిర్చారు. వాడి కారులోనే, వాడినీ ఎక్కించుకుని ఇల్లు చేరాం.

వాడు అలిగి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కాజాల పెట్టె పట్టుకుని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంకా కోపంగానే ఉన్నావా అత్తయ్యా" అన్నాడు. నాకెందుకు కోపం! వాణ్ణి అలగనివ్వండి. అలగాలన్నా మనిషి ఉండాలి కదా.